13.6 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు ఎన్ని కిలోకెలోరీలు? మా బిడ్డకు సున్నా ఎందుకు?

నయీంనగర్_అమ్మ:
మా బిడ్డ ఇంటర్ సెకండియర్. వీక్లీ టెస్టుల అడిగిండ్రు: "హైడ్రోజన్ అయనీకరణ శక్తి 13.6 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. దీనిని కిలోకెలోరీలలో తెలపండి." పిల్ల 1.602×10⁻¹⁹ తోటి గుణించి జౌల్స్ చేసింది, 4184 తోటి భాగించి 5.207×10⁻²² అని రాసింది. కీల 313.6 ఉన్నది. సున్నా వేసిండ్రు. రాత్రి అన్నం ముట్టలే. తప్పు ఎవరిదో చెప్పుండ్రి.

ఫిజిక్స్_మాస్టారు_హన్మకొండ:
కీ కరెక్టేనమ్మా. 23.06తో గుణిస్తే అయిపాయె. అయనీకరణ శక్తి కిలోకెలోరీల్లో అడిగారంటే అది మోల్‌కే. ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, ఇంత పొడుగు లెక్క చేసుకుంటూ కూర్చుంటే ర్యాంకు రాదు.

బొగ్గు_ల్యాబ్_రిటైర్డ్:
సార్, ప్రశ్నల "మోల్‌కు", అంటే 6.022×10²³ పరమాణువులకు, అన్న ముక్క ఎక్కడున్నది? లేదు కదా. 13.6 ఒక్క పరమాణువుది. ఆ ఒక్కదానికి పిల్ల చేసిన లెక్క అక్షరాలా నిజం.

కాజీపేట_లోకో:
కెలోరీకి 4.2 జౌల్స్ అని మేం చదువుకున్నం. అట్ల చేస్తే 312.4 వస్తది. మరి కీ కూడ తప్పేనా?

ఫిజిక్స్_మాస్టారు_హన్మకొండ:
4.2 అనేది బడి పిల్లల లెక్క. రసాయన శాస్త్రంలో కెలోరీ అంటే 4.184. ఆవిరి పట్టికల కెలోరీ 4.1868, దాంతో చేస్తే 313.4. ఏ కెలోరీయో తెలియకుండా కీని తప్పనకండి. ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే మోల్‌కు 96.485 కిలోజౌల్స్, దాన్ని 4.184తో భాగించండి, 23.06 వస్తుంది. నేను 22 ఏళ్లుగా చెప్తున్నా.

కాజీపేట_లోకో:
అడిగిన్నంతే సార్, కోపమెందుకు.

బొగ్గు_ల్యాబ్_రిటైర్డ్:
4.184 గొడవ పక్కన పెట్టుండ్రి. నేను ముప్పై ఏండ్లు బొగ్గు వేడి కొలిచే బాంబ్ కెలోరీమీటర్ ముందట కూసున్న. ఒక గ్రాము బొగ్గు పొడి, దూది దారం, నిక్రోమ్ తీగ, ఆక్సిజన్ నింపి బటన్ నొక్కితే, చుట్టూ రెండు లీటర్ల నీళ్లు రెండు డిగ్రీలు కూడ పెరగవు. ఆ చిన్న అంకె మీదనే వ్యాగన్ల ధర. ఒకసారి రిపోర్టుల కిలోకు 4400 కిలోకెలోరీలు అని రాసి, "గాలికి ఆరిన బొగ్గుకు" అన్న మాట టైపుల వదిలేసిండ్రు. తడితో సహా చూస్తే అదే బొగ్గు 4000కు దగ్గర. కొన్నోళ్లు తిరిగొచ్చిండ్రు, మెమో నాకిచ్చిండ్రు. ఏ ల్యాబో చెప్ప. "దేనికి" అన్న మాట పోతే అంకెకు అర్థం పోతది, ఆ దెబ్బ నాకు తగిలింది.

ఫిజిక్స్_మాస్టారు_హన్మకొండ:
మీ మెమోకూ మా పరీక్షకూ ఏం సంబంధం? అరవై మంది పిల్లల ముందు నిలబడి చెప్పండి, తెలుస్తుంది.

బొగ్గు_ల్యాబ్_రిటైర్డ్:
నిలబడ్త సార్. కార్బన్ 12 గ్రాములు పూర్తిగ కాలితే 94 కిలోకెలోరీలు. 23.06తోటి భాగిస్తే 4.08. అంటే ఒక్కో కార్బన్ పరమాణువు నాలుగు ఎలక్ట్రాన్ వోల్ట్‌లు ఇచ్చింది. అవతల 6.022×10²³ పరమాణువులు, ఇవతల ఒక్కటి. గీ మాట చెప్పినంక ఆ 23.06 ఇయ్యుండ్రి, ఎవలు వద్దంటరు?

ఫిజిక్స్_మాస్టారు_హన్మకొండ:
నేను పరకాల దగ్గర పల్లెలో తెలుగు మీడియంల చదివిన. మోల్ అంటే ఏందో ఇంటర్ల రెండేండ్లు అర్థం కాలే. ఒక సారు 23.06 చేతుల పెట్టి గుణించు బిడ్డా అన్నడు. దాంతోటే పాసైన, దాంతోటే ఉద్యోగమొచ్చింది. ఆ అంకెను చులకన చేస్తే నాకు మండుతది.

బొగ్గు_ల్యాబ్_రిటైర్డ్:
చులకన చేయలే సార్. మీకు రెండేండ్లు అర్థం కానిది ఈ పిల్లకు అర్థమైందేమో చూడమంటున్న.

నయీంనగర్_అమ్మ:
పిల్లకు ఇదంతా చదివి వినిపించిన. లేచి పోయి 5.207×10⁻²²ను 6.022×10²³ తోటి గుణించింది. 313.6 వచ్చింది. "అమ్మా, ఒక్కటే జవాబు, వాళ్లు మోల్‌కు అడిగిండ్రు, నేను ఒక్కదానికి చెప్పిన" అన్నది. ఇప్పుడు తింటున్నది.

ఫిజిక్స్_మాస్టారు_హన్మకొండ:
అమ్మా, నేనూ అట్లాంటి జవాబులకు సున్నాలు వేసిన. ఎన్నో లెక్క లేదు. 23.06 చెప్పుడు మానను. మా ప్రశ్నల బ్యాంకుల ఈ లెక్క ఉన్నది, దాంట్ల "మోల్‌కు" లేదు. పొద్దున పోయి రాస్త.