ముందు యాక్సిల్ గేర్ రేషియో 5.38, వెనక 4.88: ఏది మార్చాలి?

నమస్తే అండీ. బెంగళూరులో ఉంటాను. హిందూపురంలో నాన్నగారు వాడిన పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపును ఇక్కడికి తెచ్చుకున్నాను. వెనక యాక్సిల్ పాడైతే ఒక మెకానిక్ గుజరీ (పాత సామాన్ల బజారు) నుంచి వేరేది తెచ్చి బిగించాడు. టూ వీల్‌లో బాగానే ఉంది. ఫోర్ వీల్ వేసి తారు రోడ్డు మీద కొంచెం దూరం పోగానే బండి బిగుసుకుపోయింది. లివర్ వెనక్కి రాలేదు, రివర్స్‌లో కొంత దూరం పోయాకే వచ్చింది.

తారు మీద ఫోర్ వీల్ వేయకూడదని తెలుసు, కానీ ఇంతకు ముందు ఇంతలా పట్టేయలేదు. ముందు, వెనక యాక్సిళ్ల రేషియోలు వేరేమోనని అనుమానమొచ్చి గేర్ న్యూట్రల్‌లో పెట్టి, వెనక ఒక్క చక్రమే జాకీ మీద లేపి రెండు చుట్లు తిప్పాను. యాక్సిల్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఐదు చుట్లకు కాస్త తక్కువ తిరిగింది. ముందు అలాగే చేస్తే ఐదుంపావు దాటింది. ఒక్క చక్రమే రెండు చుట్లు తిరిగితే యాక్సిల్ లోపలి క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం) ఒక చుట్టు తిరుగుతుంది. అంటే క్రౌన్, పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) పళ్లు ముందు 43/8 (5.38), వెనక 39/8 (4.88) అనుకుంటున్నాను. టైర్లు నాలుగూ ఒకటే సైజు.

కవర్ విప్పి పళ్లు లెక్కపెట్టాల్సిందేనా, ఈ లెక్క చాలా? వెనక హౌసింగ్ అలాగే ఉంచి 5.38 క్రౌన్, పినియన్ మాత్రం వేయించుకోవచ్చా? బ్యాక్‌లాష్ (ఆ పళ్ల మధ్య ఉండాల్సిన సందు) సరిగ్గా సెట్ చేసే మెకానిక్ జేసీ రోడ్డు వైపు ఎవరైనా తెలిస్తే చెప్పండి. నాన్నగారి బండి, ముందు వెనక యాక్సిళ్లకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ కూడా పోతుందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది.