మల్లు స్వరాజ్యం గారి శిలాఫలకం: 1948 అని రాయాలా, 1951 అనా?

నాగులు_సూర్యాపేట: మా ఊరి గ్రంథాలయంలో కొత్త గదికి మల్లు స్వరాజ్యం గారి పేరు పెడుతున్నాం. 2022 మార్చి 19న పోయారు. దేహాన్ని నల్లగొండ మెడికల్ కాలేజీకి ఇచ్చేశారు కాబట్టి సమాధి అంటూ లేదు, కనీసం గోడకు ఒక రాయైనా ఉండాలి కదా. దాని మీద రాయించేది ఇది: ‘కర్విరాల కొత్తగూడెం బిడ్డ, సాయుధ పోరాట యోధురాలు (1946–48), తుంగతుర్తి ఎమ్మెల్యే (1978, 1983)’. మార్పులుంటే ఆదివారంలోగా చెప్పండి. చెక్కేవాడు అక్షరానికింత అని లెక్క కడుతున్నాడు, పొడుగు వద్దు.

వేపచెట్టు: బాగుంది అన్నా. నా వంతు ఐదొందలు.

కొలిమి: 1948 తప్పు. పోరాటం విరమించింది 1951 అక్టోబర్‌లో. దిద్దండి.

నాగులు_సూర్యాపేట: 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు కదా. అక్కడికి ఆపితే ఎవరూ మాట్లాడరని అట్లా రాశాం.

కొలిమి: ఎవరూ మాట్లాడకుండా ఉండటానికా రాయి పెట్టేది? కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయిన 1946 జూలై నుంచి లెక్క మొదలుపెట్టారు, సంతోషం. మరి భారత సైన్యం వచ్చాక ఏమైంది? పట్నం పారిపోయిన దొరలు దాని వెనకే తిరిగొచ్చి, పంచిన భూములు మళ్లీ గుంజుకున్నారు. ఆమె ఇంటికి పోయి కూర్చోలేదు. గోదావరి అడవుల్లో ‘రాజక్క’ పేరుతో దళాల్లో తిరిగింది. తలకు రూ.10,000 వెల కట్టిన మనిషి. 1948లో ఆపితే రాజక్కను సగం చెరిపేసినట్టే.

గడ్డం_మాస్టారు: ఒకటే ప్రశ్న. 1948 సెప్టెంబర్ తర్వాత తుపాకీ ఎవరి మీద ఎత్తారు?

రాతిబావి: ఆ సెప్టెంబర్ 17కే ఒక పేరు కుదరలేదు. విమోచన అన్నారు, సమైక్యత అన్నారు, ఇప్పుడు ప్రజాపాలన అంటున్నారు. మీరు రాయి దగ్గర తేలుస్తారా?

కొలిమి: మాస్టారూ, ఆమె రెండుసార్లు అసెంబ్లీకి ఎట్లా పోయింది? తుపాకీ పట్టిందని తెలిసే కదా జనం ఓటేసింది.

గడ్డం_మాస్టారు: నా ప్రశ్నకు అది జవాబు కాదు. ఎమ్మెల్యేగా చేసింది రాయండి, సారా వ్యతిరేక ఉద్యమంలో ఊరూరా తిరిగింది రాయండి. గ్రంథాలయానికి పిల్లలొస్తారు. ఎవరి మీద ఎత్తారు?

అనిత_ఆర్: ఫోటో ఏది పెడుతున్నారు? ముసలితనంలోదైతే నా దగ్గర మంచిది ఉంది.

కొలిమి: పిల్లల పేరు చెప్పి ఎందుకు మాస్టారూ. మీ తాత దొర గడీలో లెక్కలు రాసేవాడని ఊరందరికీ తెలుసు.

వేపచెట్టు: అన్నా, ఇంటి విషయాలు వద్దు.

గడ్డం_మాస్టారు: రానీ, వచ్చింది కదా. అవును, రాసేవాడు. దొర కాదు, జీతగాడు. 1949లో ఒక రాత్రి తలుపు కొట్టి పిలుచుకుపోయారు. పొద్దున మా నాయనమ్మ చెరువు కట్ట మీద చూసింది. అప్పటికి మా నాన్నకు నాలుగేళ్లు. స్వరాజ్యం గారు చేసిందని నేను అనడం లేదు, ఆమె ఆ చుట్టుపక్కల కూడా లేదు. కానీ మీరు 1951 అని రాస్తే ఆ రాత్రిని కూడా కలిపి దండ వేసినట్టు ఉంటుంది నాకు. రోజూ పేపర్ చదవడానికి అదే గదికి పోవాలి నేను.

కొలిమి: ఈ సంగతి నాకు తెలియదు. తాత మాట ఎత్తకుండా ఉండాల్సింది.

కొలిమి: మాదీ వినండి. మా తాతను 1950లో పట్టుకుపోయారు. శవం కూడా ఇవ్వలేదు. సమరయోధుల పింఛను కోసం నాయనమ్మ ఒక ఆఫీసు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగింది. ‘అప్పటికే స్వాతంత్ర్యం వచ్చింది కదమ్మా, మీ ఆయన ఎవరి మీద కొట్లాడినట్టు?’ అన్నారట. మీరు అడిగిందీ అదే ప్రశ్న మాస్టారూ, అదే మాట. అందుకే ఒళ్లు మండింది.

అనిత_ఆర్: మరి ఏళ్లే తీసేస్తే? ‘సాయుధ పోరాట యోధురాలు’ అని వదిలేద్దాం. అక్షరాల ఖర్చూ తగ్గుతుంది.

కొలిమి: తీసేయొద్దు.

గడ్డం_మాస్టారు: తీసేయడానికి వీల్లేదు.

రాతిబావి: ఇన్ని రోజుల్లో ఇద్దరూ ఒక్కటైన మాట ఇదే.

నాగులు_సూర్యాపేట: చెక్కేవాడికి ఫోన్ చేసి పని ఆపమన్నాను. ‘1946’ దాకా చెక్కేశాడట, పక్కన చిన్న గీత కూడా పెట్టాడు. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వనంటున్నాడు.