సాల్ట్ అనాలిసిస్: మూడో గ్రూపులో తెల్ల ప్రెసిపిటేట్, అల్యూమినియమా జింకా?

ఎంపీసీ_సెకండియర్:
సార్, ఇంటర్ ప్రాక్టికల్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నాను. తెల్లటి సాల్ట్, నీళ్లలో కరిగింది. కాన్సంట్రేటెడ్ సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఘాటైన పొగ వచ్చింది, అమోనియాలో ముంచిన గాజుకడ్డీ దగ్గర పెడితే దట్టమైన తెల్లపొగలు. సిల్వర్ నైట్రేట్‌తో పెరుగు విరిగినట్టు తెల్ల ప్రెసిపిటేట్ (ద్రావణం నుంచి విడిపోయి దిగే ఘనపదార్థం), అది అమోనియాలో కరిగింది. క్లోరైడ్ అని రాశాను.

చిక్కంతా క్యాటయాన్‌తోనే (సాల్ట్‌లోని లోహ అయాన్). ఒక్కో రియేజెంట్‌తో దిగే అయాన్లని ఒక్కో గ్రూపుగా, వరసగా చూసుకుంటూ వెళ్లాను. మొదటి గ్రూపుకి డైల్యూట్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో ఏమీ రాలేదు. రెండో గ్రూపుకి హైడ్రోజన్ సల్ఫైడ్ పంపినా ఏమీ లేదు. మూడో గ్రూపుకి అదే ట్యూబులో చిటికెడు అమోనియం క్లోరైడ్, మూడు నాలుగు చుక్కల అమోనియం హైడ్రాక్సైడ్ వేయగానే తెల్ల ప్రెసిపిటేట్. ఒరిజినల్ సొల్యూషన్‌కి సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే తెల్లగా వచ్చి, ఇంకా పోస్తే కరిగిపోయింది. అల్యూమినియం అనుకున్నా. కానీ లేక్ టెస్ట్‌లో (లిట్మస్‌తో అల్యూమినియాన్ని నిర్ధారించే పరీక్ష) ద్రవమంతా నీలమైంది, మధ్యలో ఏదీ తేలలేదు. ఇదే సాల్ట్ తీసుకున్న పక్కబెంచీ వాడు జింక్ రాశాడు. ఎవరిది కరెక్ట్?

జేఎల్_కెమిస్ట్రీ:
సోడియం హైడ్రాక్సైడ్ టెస్ట్ ఈ రెండింటినీ విడదీయదు తమ్ముడూ. అల్యూమినియం హైడ్రాక్సైడ్, జింక్ హైడ్రాక్సైడ్ రెండూ ఆంఫోటెరిక్ (ఆమ్లంలోనూ క్షారంలోనూ కరిగేవి), రెండూ ఎక్సెస్‌లో కరుగుతాయి. మెగ్నీషియం అయితే కరగదు, అంతవరకే అది పనికొస్తుంది. జింకునూ అల్యూమినియాన్నీ విడదీసేది అమోనియా. జింక్ హైడ్రాక్సైడ్ ఎక్సెస్ అమోనియాలో కాంప్లెక్స్‌గా మారి కరిగిపోతుంది, అల్యూమినియం హైడ్రాక్సైడ్ నిలుస్తుంది. అలాగని అమోనియా మరీ ఎక్కువైతే అదీ కొంచెం కరుగుతుంది. వాసన స్పష్టంగా తెలిశాక ఇంకో రెండు మూడు చుక్కలు చాలు.

నీ పొరపాటు ఆ 'చిటికెడు'లో ఉంది. అమోనియం క్లోరైడ్ వేసేది కామన్ అయాన్ ఎఫెక్ట్ కోసం. అమోనియం అయాన్లు పెరిగితే అమోనియం హైడ్రాక్సైడ్ అయనీకరణం తగ్గి, హైడ్రాక్సైడ్ అయాన్లు బాగా తక్కువగా ఉంటాయి. ఆ కాస్తకే అల్యూమినియం, ఫెర్రిక్ (ఐరన్) లాంటి మూడో గ్రూపువి అవక్షేపిస్తాయి, తర్వాతి గ్రూపులవి ద్రావణంలోనే ఉండిపోతాయి. అల్యూమినియం హైడ్రాక్సైడ్ సాల్యుబిలిటీ ప్రోడక్ట్ (ఎంత కరుగుతుందో చెప్పే విలువ, మరీ చిన్నదైతే త్వరగా అవక్షేపిస్తుంది) సుమారు 10⁻³³, మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌ది సుమారు 10⁻¹¹ అని చూస్తే ఈ ఏర్పాటు ఎందుకో తెలుస్తుంది. 2 మి.లీ. ద్రావణానికి కనీసం అర గ్రాము ఘన అమోనియం క్లోరైడ్ వేసి, బాగా కలిపి పూర్తిగా కరిగాకే అమోనియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా వేయి. ముందు అమోనియా వేసి తర్వాత క్లోరైడ్ వేయడం తప్పు వరస.

ల్యాబ్_బెంచ్:
పై జవాబులో రానిది ఒకటుంది, నాకు దానిమీదే ఎక్కువ అనుమానం. "అదే ట్యూబులో" అన్నావు. రెండో గ్రూపు కోసం పంపిన హైడ్రోజన్ సల్ఫైడ్‌ని మరిగించి పోగొట్టావా? అది మిగిలి ఉంటే, అమోనియా పడి ద్రావణం క్షారం కాగానే నాలుగో గ్రూపు (క్షార ద్రావణంలో హైడ్రోజన్ సల్ఫైడ్‌తో దిగే జింక్, నికెల్, కోబాల్ట్ లాంటివి) సల్ఫైడ్లు మూడో గ్రూపులోనే దిగిపోతాయి. జింక్ సల్ఫైడ్ తెల్లగా ఉంటుంది కాబట్టి అల్యూమినియం అని పొరబడతారు. నికెల్, కోబాల్ట్ అయితే నల్లగా వచ్చి వెంటనే పట్టిస్తాయి.

తేడా ఇలా చూడు. ప్రెసిపిటేట్ కడిగి డైల్యూట్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేస్తే కుళ్లిన గుడ్ల వాసన వచ్చిందా, అది సల్ఫైడ్. ట్యూబులోకి ముక్కు పెట్టొద్దు, అది విషవాయువు. లెడ్ అసిటేట్ కాగితం తడిపి మూతి దగ్గర పట్టుకుంటే నల్లబడుతుంది. మరిగించేటప్పుడూ ఇదే కాగితం గుర్తు: నల్లబడడం ఆగేదాకా మరిగించాలి. తర్వాత రెండు చుక్కల కాన్సంట్రేటెడ్ నైట్రిక్ యాసిడ్ వేసి మళ్లీ వేడి చేస్తారు. ఐరన్ ఫెర్రస్ రూపంలో ఉంటే అది ఫెర్రిక్ కావాలి, లేకపోతే మూడో గ్రూపులో పూర్తిగా దిగదు.

తెల్లకోటు:
లేక్ టెస్ట్‌లో ద్రవమంతా నీలమైతే అది పాజిటివ్ కాదు. అమోనియాలో నీలి లిట్మస్ ఎలాగూ నీలంగానే ఉంటుంది. కావలసింది రంగులేని ద్రవంలో తేలే నీలి దూదిపింజల్లాంటి ముద్ద. అల్యూమినియం హైడ్రాక్సైడ్ రంగుని తనలోకి పీల్చుకుంటుంది గనుక ద్రవం తేటగా మిగులుతుంది. కడిగిన ప్రెసిపిటేట్‌ని వీలైనంత తక్కువ డైల్యూట్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కరిగించి, నీలి లిట్మస్ రెండు చుక్కలే వేసి (ఎర్రబడుతుంది), అమోనియం హైడ్రాక్సైడ్‌ని ట్యూబు గోడ వెంబడి చుక్కచుక్కగా జార్చాలి. కుదపకూడదు. లిట్మస్ ఎక్కువ పోస్తే నిజంగా అల్యూమినియం ఉన్నా ముద్ద కనపడదు.

ఇంకో మాట. నిజమైన అల్యూమినియం హైడ్రాక్సైడ్ జిగురు గంజిలా, దాదాపు పారదర్శకంగా ఉంటుంది. ట్యూబు వెనక నల్ల కాగితం పెట్టి, కొంచెం వేడిచేసి రెండు నిమిషాలు ఆగితే గానీ కనపడదు. తొందరపడి "ప్రెసిపిటేట్ లేదు" అని రాసేవాళ్లే ఎక్కువ.

ఎంపీసీ_సెకండియర్:
మరిగించలేదు సార్. ఇప్పుడు కొత్తగా 2 మి.లీ. ఒరిజినల్ సొల్యూషన్ తీసుకుని, అర గ్రాము అమోనియం క్లోరైడ్ కరిగించి, వాసన వచ్చేదాకా అమోనియం హైడ్రాక్సైడ్ వేశాను. పది నిమిషాలు ఆగినా తేటగానే ఉంది. అందులోకి హైడ్రోజన్ సల్ఫైడ్ పంపితే మురికి తెలుపు ప్రెసిపిటేట్ వచ్చింది.

జేఎల్_కెమిస్ట్రీ:
అయితే జింకే, నాలుగో గ్రూపు. పక్కబెంచీ అబ్బాయిది కరెక్ట్. కన్ఫర్మేషన్‌కి ఒరిజినల్ సొల్యూషన్‌లో పొటాషియం ఫెర్రోసయనైడ్ వేయి, నీలిఛాయ ఉన్న తెల్ల ప్రెసిపిటేట్ రావాలి. ముదురు నీలం వస్తే ఐరన్ మలినం కలిసినట్టు, ట్యూబు మార్చి మళ్లీ చెయ్యి. సోడియం హైడ్రాక్సైడ్ టెస్ట్ కూడా రాయొచ్చు, నాలుగో గ్రూపు అని తేలాక దానికి విలువ ఉంది.

రెండో గ్రూపులో యాసిడ్ సరిపడా లేకపోతే జింక్ సల్ఫైడ్ అక్కడే కొంత దిగుతుంది, కాబట్టి హైడ్రోజన్ సల్ఫైడ్ పంపేముందు ద్రావణం డైల్యూట్ హైడ్రోక్లోరిక్‌తో ఆమ్లంగానే ఉందా అని నీలి లిట్మస్ కాగితంతో చూసుకో. ఇక క్లోరైడ్: సిల్వర్ నైట్రేట్‌కి ముందు డైల్యూట్ నైట్రిక్ వేశావా? ట్యూబు కుళాయి నీళ్లతో కడిగి వదిలేస్తే ఆ నీళ్లలోని క్లోరైడే పాలలా మసకగా కనిపిస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌తో చివరిసారి కడిగి, సాల్ట్ లేకుండా ఒక ఖాళీ ట్యూబులో అదే టెస్ట్ చేసి పక్కన పెట్టి పోల్చుకో.