ఇంగ్లండ్‌లో రీడింగ్ ఊళ్లో ఉంటున్నాం, ఫ్యామిలీకి డీజిల్ ఎస్టేట్ కారు (వెనక సామాను చోటు పెద్దగా ఉండే పొడవు కారు) తీసుకోవచ్చా?

కొత్తకారు_వేట
అందరికీ నమస్తే. మా ఆవిడ, నేను, ఆరేళ్ల బాబు, రెండేళ్ల పాప. నా ఆఫీసు స్విండన్‌లో, ఎమ్4 మోటార్‌వే మీద ఒకవైపే దాదాపు 40 మైళ్లు. ఇప్పుడున్న చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌లో పాపని తోసుకెళ్లే బగ్గీ పెడితే ఇంకేమీ పట్టదు. వేసవిలో అమ్మానాన్న వస్తున్నారు, హీత్రో నుంచి వాళ్ల నాలుగు పెద్ద సూట్‌కేసులు తేవాలి. దీన్ని అమ్మేసి పది, పదకొండు వేల పౌండ్లలో 2017 లేదా 2018 డీజిల్ ఎస్టేట్ చూద్దామనుకుంటున్నాను. ఆక్టేవియా, పసాట్, ఫోకస్ లిస్టులో ఉన్నాయి. ఏడాదికి 14 వేల మైళ్లు అవుతాయి. నేను ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో స్కూల్ రన్‌కి (బాబుని బడికి దింపి తేవడానికి), షాపులకి మా ఆవిడ తీసుకెళ్తుంది, అదంతా రెండు మైళ్ల లోపే. ఆఫీసులో అందరూ డీజిల్ జోలికి పోవద్దంటున్నారు. మీరేమంటారు?

బాటసారి_బ్రిస్టల్
బ్రో, నీ ఆఫీసు దూరానికి డీజిలే కరెక్ట్. నా దగ్గర ఆక్టేవియా ఎస్టేట్ 2.0 టీడీఐ (రెండు లీటర్ల డీజిల్ ఇంజిన్) ఉంది, మోటార్‌వే మీద గంటకు 65, 70 మైళ్లలో స్థిరంగా వెళ్తే 55 ఎంపీజీకి (గాలన్‌కి 55 మైళ్లకు) తగ్గదు. బూట్ (డిక్కీ) 610 లీటర్లు. బగ్గీ, సూట్‌కేసులు, బర్మింగ్‌హామ్ దగ్గరి టివిడేల్ బాలాజీ గుడికి వెళ్లేటప్పుడు పులిహోర గిన్నెలతో సహా అన్నీ పడతాయి. పసాట్ బూట్ 650, కానీ అదే డబ్బుకి ఆక్టేవియా కొంచెం కొత్తది దొరుకుతుంది. యూరో 6 (పొగ కాలుష్య ప్రమాణం) మాత్రం తప్పనిసరి, ఎందుకంటే 2023 ఆగస్టు నుంచి యూలెజ్ (ఎక్కువ పొగ వదిలే బళ్లకు రోజువారీ ఫీజు వేసే జోన్) లండన్ అంతటికీ వచ్చేసింది, హీత్రో కూడా అందులోనే ఉంది. యూరో 5 డీజిల్ అయితే వెళ్లిన ప్రతి రోజూ 12.50 పౌండ్లు కట్టాలి. నువ్వు చూస్తున్న 2017, 2018 కార్లు యూరో 6వే, అయినా కొనే ముందు నంబర్ కొట్టి ఒకసారి చెక్ చేసుకో.

స్పానర్_లెస్టర్
పైన చెప్పిన లెక్క నిజమే, కానీ అది కారు మోటార్‌వే మీద ఉన్న రోజుల లెక్క. అన్నా, ఏడాదికి ఎన్ని మైళ్లు అన్నది కాదు, ఒక్కో ట్రిప్పు ఎంత పొడవు అన్నది చూడండి. డీజిల్ పొగలో మసి డీపీఎఫ్ అనే ఫిల్టర్‌లో చేరుతుంది, అది కాలి బూడిద కావాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. రెండు మైళ్ల స్కూల్ రన్‌లో ఆ వేడి రాదు. పైగా ఆ కాలడం మధ్యలో ఉండగానే స్కూల్ గేటు దగ్గర ఆపేస్తే పని సగంలో నిలిచిపోతుంది, మళ్లీ మళ్లీ అలాగే అయితే డ్యాష్‌బోర్డులో హెచ్చరిక లైట్ వెలుగుతుంది, తర్వాత గ్యారేజీ బిల్లు. కారు ఆపినా ఫ్యాన్ గట్టిగా తిరుగుతున్నా, కారు కదలకుండా ఇంజిన్ మాత్రం ఆన్‌లో ఉన్నప్పుడు ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) మామూలు కంటే ఎక్కువున్నా అదే జరుగుతోందని అర్థం, అప్పుడు ఇంకొంచెం దూరం తిప్పి రావాలి. పిల్లల్ని ఎక్కించుకున్న మనిషికి ఇది రోజూ కుదిరే పని కాదు. అందుకే నా మాట ఏమిటంటే, ఆ చిన్న పెట్రోల్ కారు అమ్మకండి. స్కూల్‌కి అది, ఆఫీసుకి డీజిల్. రెండో ఇన్సూరెన్స్, టాక్స్ ఖర్చు ఉంటుంది, అయినా డీపీఎఫ్ మార్పించడం కంటే నయం.

లక్ష్మి_స్లౌ
అండి, ఒక విషయం ఎవరూ అడగలేదు. మీరు నలుగురు, అమ్మానాన్నతో ఆరుగురు. ఎస్టేట్‌లో పట్టేది ఐదుగురే! వెనక రెండు చైల్డ్ సీట్లు పెడితే మధ్యలో మిగిలే చోటు పెద్దవాళ్లు కూర్చోగలిగేది కాదు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఎస్టేట్ సీటు కిందికి ఉండటంతో దిగేటప్పుడు చాలా ఇబ్బంది పడ్డారు. సెవెన్ సీటర్‌లో మూడో వరస లేపితే బూట్ దాదాపు ఉండదు, కాబట్టి అదీ సూట్‌కేసుల సమస్య తీర్చదు. వాళ్లున్నన్నాళ్లూ అందరూ కలిసి వెళ్లే రోజులకు పెద్ద కారు అద్దెకు తీసుకోవడం మేలు.

హైబ్రిడ్_కావెంట్రీ
ఒకే కారు ఉంచుకోవాలంటే టయోటా కరోలా టూరింగ్ స్పోర్ట్స్ హైబ్రిడ్ (పెట్రోల్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటార్ కూడా ఉండే ఎస్టేట్) చూడు. 1.8 లీటర్ ఇంజిన్‌లో బూట్ 596 లీటర్లు, ఊళ్లో తిరగడానికి హాయి. 2019లో వచ్చింది కాబట్టి నీ బడ్జెట్‌కి ఎక్కువ తిరిగినవే దొరుకుతాయి, మోటార్‌వే మీద మైలేజీ డీజిల్ అంత రాదు.

కొత్తకారు_వేట
అందరికీ థాంక్స్. లక్ష్మి గారూ, ఆరుగురి సంగతి నిజంగా తట్టలేదు, ఇంట్లో చెబితే మా ఆవిడ కూడా అదే అంది. పెట్రోల్ కారు ఉంచేసి ఆక్టేవియా డీజిల్ ఎస్టేట్ చూస్తాం, స్కూల్‌కి పాతదే. ఆటోమేటిక్ తీసుకోవచ్చా?

స్పానర్_లెస్టర్
తీసుకోవచ్చు. 2.0లో ఆరు గేర్ల డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) అయితే ప్రతి 40 వేల మైళ్లకూ దాని ఆయిల్ మార్చాలి, మార్చిన బిల్లు చూపించమనండి, లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో కూడా అడగండి. గవర్నమెంట్ సైట్‌లో నంబర్ కొడితే ఎమ్ఓటీ (ఏటా చేసే కారు ఫిట్‌నెస్ పరీక్ష) హిస్టరీ ఉచితంగా వస్తుంది, ఏడాదికేడాది మైళ్లు ఎలా పెరిగాయో అందులోనే తెలుస్తుంది. ఏడాదికి రెండు, మూడు వేల మైళ్లే తిరిగిన డీజిల్ కనిపిస్తే సంబరపడొద్దు, అది ఊళ్లోనే తిరిగిన కారు కావచ్చు. మోటార్‌వే మీద తిరిగి 80 వేలు దాటినది, సర్వీస్ బుక్ నిండుగా ఉన్నది నేనైతే ముందు చూస్తాను. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లే ముందే ఫోన్ చేసి ఇంజిన్ చల్లగా ఉంచమని చెప్పండి, స్టార్ట్ చేసేది మీ ముందే కావాలి.