అప్‌డేట్: పర్లాకిమిడి భజన పాటను మళ్ళీ మిక్స్ చేశాను

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి భజన బృందం పాడిన తెలుగు పాటకు, మిక్సింగ్ (విడివిడిగా రికార్డైన గొంతుల్నీ వాయిద్యాల్నీ సర్ది ఒక పాటగా కలపడం) నేర్చుకుంటున్న కొత్తలో పనిచేశాను. ఇన్నేళ్ళ తర్వాత దాన్ని మళ్ళీ చేయాలా, అలాగే ఉంచాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. ఒరిజినల్ ట్రాకులు (విడి రికార్డింగులు) ఉంటే ఫేడర్లన్నీ, అంటే ఒక్కో ట్రాక్ శబ్దాన్ని పెంచి తగ్గించే మీటలన్నీ, దించేసి మొదటి నుంచి మొదలుపెట్టమని మీలో కొందరు అన్నారు. అలాగే చేశాను.

అసలు తేడా హార్మోనియం దగ్గర తెలిసింది. అదీ, మగ గొంతులూ, మృదంగమూ అన్నీ 200–400 హెర్ట్జ్ మధ్యే (కాస్త కింది స్వరాల ప్రాంతంలో) పోగుపడి పాటంతా మసకగా ఉండేది. ఈసారి గొంతుల శబ్దం పెంచలేదు. హార్మోనియంలో 300 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తగ్గించాను, అంతే. సాహిత్యం అక్షరం అక్షరం విడిగా వినిపించింది! రివర్బ్ (మిక్స్‌లో కలిపే కృత్రిమ ప్రతిధ్వని) దాదాపు తీసేశాను, గుడి మండపం ప్రతిధ్వని రికార్డింగ్‌లోనే ఉంది మరి. మోనోలోనూ (ఎడమ, కుడి శబ్దాలు ఒక్కటిగా కలిపి), ఫోన్ స్పీకర్‌లోనూ విని చూశాను. లౌడ్‌నెస్ (పాట మొత్తం ఎంత గట్టిగా వినిపిస్తుందో) మైనస్ 14 లఫ్స్ దగ్గర ఆపాను, లఫ్స్ దాని కొలమానం. పాటల యాప్ స్పాటిఫై మామూలుగా పాటల్ని ఆ స్థాయికే సర్దుతుంది.

రెండో చరణం ముందు బృందంలోని పెద్దాయన ఊపిరి తీసుకున్న చప్పుడు తీసేయమని ఒకరు సలహా ఇచ్చారు. అది మాత్రం ఉంచాను, నాకు ఆ చోటంటే ప్రాణం. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే నాణ్యత తగ్గొచ్చని బృందంవాళ్ళకి పెన్‌డ్రైవ్‌లో వేవ్ ఫైలే (కుదించని ఆడియో ఫైలు) ఇస్తున్నాను. పాత మిక్స్ కూడా అందులోనే వేశాను.