విన్‌క్రిస్టిన్ దొరకడం లేదు. బిళ్ళ గన్నేరు వాకిట్లోనే ఉంది కదా, ఎందుకిలా?

నాన్న_పల్నాడు: మా బాబుకి ఆరేళ్ళు, బ్లడ్ క్యాన్సర్. వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఎక్కించాలి. ఈసారి ఆసుపత్రిలో స్టాక్ లేదన్నారు. నాలుగు షాపులు తిరిగి ఐస్ డబ్బాలో పెట్టుకుని బస్సులో తెచ్చాను. దారి పొడవునా మూత తీసి ఐస్ కరిగిందేమో చూసుకుంటూనే ఉన్నాను. ఇది బిళ్ళ గన్నేరు నుంచి తీస్తారట. మరి కొరత ఎందుకు? ఇంకొకటి, వేరే కంపెనీది ఇస్తే ఫరవాలేదా? ఇంట్లో ఎలా దాచాలి?

శాంత_కడప: బిళ్ళ గన్నేరు గొప్పతనం నన్నడగండి. మావారు రోజూ పరగడుపున ఐదాకులు నమిలేవారు, షుగర్ దిగింది.

ఫార్మా_పాతకాపు: అమ్మా, దయచేసి ఇలాంటివి రాయకండి. ఇంజెక్షన్ల ప్లాంటులో 22 ఏళ్ళు క్వాలిటీ చూశాను. 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు షుగర్ తగ్గుతుందేమోనని జమైకా నుంచి వచ్చిన ఈ ఆకునే పరీక్షించారు. ఎలుకలకి షుగర్ తగ్గలేదు, తెల్లకణాలు పడిపోయాయి. ఆ గుణం వల్లే ఇది క్యాన్సర్ మందైంది. మీవారు నమిలింది అదే ఆకు.

శాంత_కడప: మా అమ్మమ్మ కాలం నుంచీ వాడుతున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. ఎలుకల సంగతి నాకెందుకు?

రవి_ఖమ్మం: గన్నేరు పప్పు తిని మా ఊళ్ళో ఇద్దరు పోయారు. ఆ విషాన్నా పరగడుపున నమిలేది?

శాంత_కడప: అది పచ్చ గన్నేరు! చెట్టు వేరు, కాయ వేరు. తెలియకపోతే ఊరుకోండి.

ఫార్మా_పాతకాపు: చెట్టు వేరన్న మాట నిజం. పచ్చ గన్నేరు పప్పు గుండె మీద పనిచేస్తుంది. రెండిటిదీ ఒకే కుటుంబం, అంతే. కానీ శాంత గారూ, ఆకులో విషం లేదని మాత్రం ఒప్పుకోను.

మెట్టరైతు_అనంత: బిళ్ళ గన్నేరు ఎకరంన్నర వేశాను. నీళ్ళు అక్కర్లేదు, మేకలు ముట్టవు. ఆకు, వేరు ఎండబెట్టి బస్తాలు కట్టాను. కొంటానన్న వ్యాపారి ఫోనెత్తలేదు. బస్తాలు పశువుల కొట్టంలోనే బూజు పట్టాయి. ఇక్కడ మందు లేదంటున్నారు. నా ఆకు ఎవరికీ ఎందుకు పనికిరాలేదు?

ఫార్మా_పాతకాపు: లెక్క చూడండి. గ్రాము విన్‌క్రిస్టిన్‌కి సుమారు 2000 కిలోల ఎండాకు కావాలి. 1 మి.గ్రా. వయల్ (ఇంజెక్షన్ మందు చిన్న సీసా) అంటే 2 కిలోల ఆకు.

మెట్టరైతు_అనంత: రెండు కిలోలేనా! అయితే నా కొట్టంలో వందల వయల్స్ కుళ్ళిపోయాయన్నమాట.

ఫార్మా_పాతకాపు: అందుకే కొరత ఆకు వల్ల కాదంటున్నాను. అంత ఆకులోంచి చిటికెడు మందు విడదీసి, శుద్ధి చేసి, క్రిమి లేకుండా వయల్‌లో నింపేవాళ్ళు తక్కువ. 2019లో అమెరికాలో ఇద్దరే అమ్మేవారు. ఒకరు మానుకున్నారు, రెండోవారి సరుకు ఆలస్యమైంది, పిల్లల ఆసుపత్రులు అల్లాడిపోయాయి. అమెరికాలో 1963లో అనుమతి వచ్చిన పాత మందు, ధర తక్కువ. కొత్తగా లైను పెట్టడానికి ఎవరు ముందుకొస్తారు?

రవి_ఖమ్మం: ఈస్ట్‌తో (బ్రెడ్ పిండిని పొంగించే సూక్ష్మజీవి) తయారుచేస్తున్నారని చదివాను.

ఫార్మా_పాతకాపు: 2022లో ఈస్ట్‌లో చేసి చూపించింది విన్‌బ్లాస్టిన్‌కి (ఇదే మొక్క నుంచి తీసే మరో క్యాన్సర్ మందు) కావలసిన రెండు ముక్కలు. వాటిని తర్వాత అతికించారు. అది ల్యాబ్ స్థాయి.

ఒడ్డన్‌ఛత్రం_తెలుగు: మా వైపు అడవినాభి వేస్తారు, తమిళనాడు రాష్ట్రపుష్పం అదే. పందిరి కింద తెల్లవారుజామునే వంగి, పువ్వు పువ్వుకీ చేత్తో పుప్పొడి అద్దాలి. గింజల నుంచి గౌట్‌కి (కీళ్ళు వాచి నొప్పెట్టే జబ్బు) వాడే కొల్చిసిన్ తీస్తారు. దుంప తింటే ప్రాణం పోతుంది. రైతన్నా, అటు చూడండి.

మెట్టరైతు_అనంత: కొనేవాడు కాగితం మీద రాసిస్తేనే చూస్తాను.

నాన్న_పల్నాడు: అయ్యా, నా బాబు సంగతి ఎవరైనా చెప్పండి.

అమ్మ_వరంగల్: అన్నయ్యా, మా పాపకి ఈ వైద్యం రెండేళ్ళు నడిచింది, ఇప్పుడు బడికి వెళ్తోంది. మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా అట్టపెట్టెలోనే ఉంచండి. డీప్ ఫ్రీజర్‌లో వద్దు. ఇది రక్తనాళంలోకే ఎక్కించాలి, వెన్నులోకి పోతే ప్రాణాంతకం. ఎక్కించే ముందు పేరు చదివి వినిపించమని నేను ప్రతిసారీ అడిగేదాన్ని. ఈ మందు వల్ల దవడ నొప్పి, మలబద్ధకం వస్తే ఆ రోజే డాక్టరుకి చెప్పండి. మా పాప చెప్పు ఈడ్చుకుంటూ నడిచింది, అలసటేమో అనుకుని వారం ఆలస్యం చేశాను. మీరలా చేయకండి.

నాన్న_పల్నాడు: చెల్లమ్మా, నిన్నటి నుంచి అన్నం నమలనంటున్నాడు, పంటి నొప్పి అనుకున్నాను. ఇప్పుడే డాక్టరుకి ఫోన్ చేస్తున్నాను. వేరే కంపెనీది తెచ్చుకోవచ్చా అన్నదీ ఆయన్నే అడుగుతాను.