టమాటా ధరలు: డీటీడబ్ల్యూకి అన్ని మార్కెట్లూ ఒకేలా కనిపిస్తున్నాయి, ఏం చేయాలి?

పలమనేరు కుర్రోడు:
అన్నలూ, ప్రాజెక్ట్ కోసం పలమనేరు, మదనపల్లె, కోలార్ మార్కెట్ల రోజువారీ టమాటా ధరలు పోల్చి చూస్తున్నా. యూక్లిడియన్ దూరం (ఏ తేదీ ధరను ఆ తేదీ ధరతోనే పోల్చేది) తీస్తే ఏదీ దేనికీ కలవదు. డీటీడబ్ల్యూ (డైనమిక్ టైమ్ వార్పింగ్, రోజులను అటూ ఇటూ సాగదీసి రెండు వరుసలను జతచేసి పోల్చే పద్ధతి) పెడితే అన్నీ అన్నదమ్ములే! ఉల్లి ధర కూడా టమాటాకు దగ్గరే అంటోంది. సోమవారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

కోడ్ రాముడు:
విండో, అంటే ఒక రోజు ఎన్ని రోజుల అవతలి రోజుతో జత కట్టొచ్చో చెప్పే హద్దు, పెట్టలేదు కదూ? 1978లో జపాన్ పరిశోధకులు సకోయె, చిబా మాటల గుర్తింపు కోసం వాడిన పట్టీ అదే. అది లేకపోతే జూన్‌లో ఒక్క రోజు వెళ్లి జులైలో ఇరవై రోజులకు అతుక్కుంటుంది. రెండు మూడు రోజులు ఇచ్చి చూడు.

మండీ గుమాస్తా కొడుకు, చిత్తూరు:
విండో మంచిదే తమ్ముడూ, దాంతోనే పని అయిపోదు. కాగితం తీసుకుని వేసి చూడు. ఒక ఊళ్లో కిలో ధర అయిదు రోజులు 10, 10, 30, 10, 10. ఇంకో ఊళ్లో 10, 30, 30, 30, 10. వీటి మధ్య డీటీడబ్ల్యూ దూరం ఎంత? సున్నా! విండో ఒక్క రోజే ఇచ్చినా సున్నాయే. ఒక్క 30 వెళ్లి మూడు 30లతో జత కడుతుంది, దానికి రుసుము లేదు. ఒక్కరోజు రేటు దొరికిన రైతూ, మూడు రోజులు దొరికిన రైతూ ఒకటేనా? మా నాన్న వింటే నవ్వుతాడు.

అందుకే 2013లో వచ్చిన ఎంఎస్ఎం (మూవ్-స్ప్లిట్-మర్జ్, ఇదీ వరుసల మధ్య దూరం కొలిచేదే) చూడు. అందులో ఒక విలువను రెండుగా చీల్చినా, రెండింటిని కలిపినా ప్రతిసారీ ‘సి’ అనే, మనమే ఎంచుకునే రుసుము కట్టాలి. పై లెక్కలో రెండు కలపడాలు, రెండు చీల్చడాలు: మొత్తం 4సి. పైగా త్రిభుజ అసమానతకు (నేరుగా వెళ్లే దూరం మధ్యలో ఇంకోటి మీదుగా వెళ్లే దూరాన్ని మించకూడదు) లోబడుతుంది, డీటీడబ్ల్యూకి ఆ గుణం లేదు.

అన్నట్టు కోలార్‌లో 15 కిలోల పెట్టె లెక్క. ముందు అన్నీ కిలోకి మార్చావా?

పలమనేరు కుర్రోడు:
మార్చాన్నా. జడ్-నార్మలైజ్ (ప్రతి వరుసకూ సగటు సున్నా, ఊగే కొలత ఒకటి అయ్యేలా మార్చడం) కూడా చేశా. సి ఎంత పెట్టాలి?

మండీ గుమాస్తా కొడుకు, చిత్తూరు:
అదిగో, ఉల్లి చుట్టమైంది అక్కడే! నార్మలైజ్ చేస్తే అర్ధరూపాయి ఊగినా ఇరవై రూపాయలు ఎగిరినా ఒకే ఎత్తులో కనిపిస్తాయి. రూపాయల్లోనే ఉంచు, అప్పుడు సి కూడా రూపాయల్లోనే ఉంటుంది. మామూలు రోజుల్లో ధర ఎంత ఊగుతుందో అక్కడ మొదలుపెట్టి, అటూ ఇటూ మార్చి చూడు. మార్కెట్ సెలవు రోజుల్లో మాత్రం సున్నా వేయకు, ముందు రోజు ధరే ఉంచు.